మంగు మచ్చల క్రీము: మొదలుపెట్టిన రోజే ఆపే తేదీ రాసుకోవాలి

అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడిన ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. రెండో కాన్పు తర్వాత ఆమెకు రెండు బుగ్గల మీద, పై పెదవి మీద మంగు మచ్చలు వచ్చాయి. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు అక్కడి డాక్టరుగారు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ కలిసిన క్రీము రాసిచ్చారు. ఆరు వారాల్లో మచ్చలు బాగా తగ్గాయి. బెంగళూరు తిరిగి వచ్చాక, మందుల చీటీ అడగని మెడికల్ షాపులో అదే ట్యూబు కొనుక్కుంటూ పది నెలలుగా రాస్తున్నారు. ఇప్పుడు రెండు రోజులు మానితే ముఖం ఎర్రబడి మంట పుడుతోంది, మళ్లీ రాస్తే చల్లబడుతోంది. ఈ క్రీము కొనసాగించవచ్చా, ఆపాలంటే ఎలా ఆపాలి, నాలుగు నెలల్లో పెళ్లి పెట్టుకున్న చెల్లెలు రంగు తేలడానికి దీన్నే ముఖమంతా రాసుకోవచ్చా అని ఆమె అడుగుతున్నారు.

నేను ఇదే నగరంలో చాలా ఏళ్లుగా చర్మవైద్యం చేస్తున్నాను. ఈ మూడు ప్రశ్నలూ దాదాపు ఇదే వరుసలో నా దగ్గరికి తరచూ వస్తాయి. ముందు క్లుప్తంగా జవాబు చెబుతాను. కొనసాగించవద్దు. అలాగని ఈ రాత్రే ట్యూబు పారేసి, రేపటి నుంచి మంటతో ఒంటరిగా పోరాడవద్దు. ఈ వారంలోనే చర్మవైద్యుణ్ణి కలిసి, వారి పర్యవేక్షణలో క్రమంగా మానండి. ఒకవేళ మీరు గర్భవతి అయి ఉండే అవకాశం ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు. వెంటనే రాయడం ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. చెల్లెలికి ఈ క్రీము వద్దు. ఇక కారణాలు వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా మానిన మందు మళ్లీ ఏదో ఒక పెళ్లికి ముందు ఇంట్లోకి వచ్చేస్తుంది.

ఈ ట్యూబులో మూడు వేర్వేరు మందులు ఉన్నాయి. హైడ్రోక్వినోన్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. అంటే కొత్తగా తయారయ్యే రంగును తగ్గిస్తుంది. ట్రెటినాయిన్ విటమిన్-ఎ కుటుంబానికి చెందినది. పైపొర కణాలు త్వరగా రాలిపోయేటట్లు చేసి, అప్పటికే రంగు నిండి ఉన్నవాటిని బయటకు పంపుతుంది, హైడ్రోక్వినోన్ లోపలికి ఇంకడానికి కూడా తోడ్పడుతుంది. ఈ రెండూ చర్మాన్ని రేపే మందులే కనుక, ఆ రేపుడును అణచడానికి మూడోదిగా స్టెరాయిడ్‌ను చేర్చారు. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే చర్మవైద్యులు ప్రచురించిన తొలి సూత్రంలో 5 శాతం హైడ్రోక్వినోన్, 0.1 శాతం ట్రెటినాయిన్, 0.1 శాతం డెక్సామెథసోన్ ఉండేవి. అమెరికాలో 2002లో అనుమతి పొందిన మిశ్రమంలో అవి 4 శాతం హైడ్రోక్వినోన్, 0.05 శాతం ట్రెటినాయిన్, 0.01 శాతం ఫ్లూసినోలోన్‌గా మారాయి; ముఖం మీది మంగుకు, రాత్రిపూట, ఎండ నుంచి రక్షణ తీసుకుంటూ, 8 వారాల వరకే వాడాలన్న షరతుతో ఆ అనుమతి ఇచ్చారు.

మన దేశంలో విరివిగా అమ్ముడయ్యే ట్యూబుల మీది అంకెలు చూస్తే 2 శాతం హైడ్రోక్వినోన్, 0.025 శాతం ట్రెటినాయిన్, 0.1 శాతం మొమెటాసోన్ అని ఉంటుంది. మొదటి రెండూ సగమే కదా, ఇది మెత్తని క్రీము అని చాలామంది అనుకుంటారు. కానీ అక్కడున్న మొమెటాసోన్, పైన చెప్పిన 0.01 శాతం ఫ్లూసినోలోన్ కంటే బలమైన స్టెరాయిడ్. పైగా ముఖ చర్మం మందును ఒంటి చర్మం కంటే చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. హైడ్రోకార్టిసోన్‌తో 1960లలో జరిగిన కొలతల్లో ముంజేతితో పోలిస్తే నుదుటి దగ్గర సుమారు ఆరు రెట్లు, దవడ మూల దగ్గర సుమారు పదమూడు రెట్లు ఎక్కువ ఇంకినట్లు తేలింది. చేతి మీద నెల రోజులు రాసినా ఏమీ చేయని మందు, ముఖం మీద అన్నే రోజుల్లో తన ప్రభావం చూపించడానికి ఇదే కారణం.

మీ విషయంలో జరిగినది కూడా అదే. మొదటి ఆరు వారాల్లో మచ్చలు తగ్గడం మందు సరిగ్గా పనిచేసిందనడానికి గుర్తు. ఆ డాక్టరుగారు రాసిన మందులో తప్పు లేదు. తప్పు దారి పట్టింది ఆ తర్వాత. స్టెరాయిడ్ నెలల తరబడి తగులుతుంటే ముఖంలోని సన్నని రక్తనాళాలు దానికి అలవాటుపడి ముడుచుకుని ఉంటాయి, చర్మపు పైపొర పలచబడుతుంది. మందు ఆగగానే ఆ నాళాలు ఒక్కసారిగా విప్పారి ముఖం ఎర్రబడుతుంది, మంట, దురద, బిగుతు వస్తాయి, కొందరికి చీముగుల్లలు కూడా లేస్తాయి. రాస్తే చల్లబడుతోంది కనుక నా చర్మానికి ఇది సరిపడుతోంది, మానితేనే పడటం లేదు అనే లెక్కకు రోగి వస్తారు. ఈ పరిస్థితికి స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అన్న అర్థంలో మన దేశపు చర్మవైద్యులే ప్రత్యేకంగా పేరు పెట్టారంటే ఇక్కడ ఇది ఎంత సాధారణమో అర్థం చేసుకోవచ్చు. దేశంలోని పలు నగరాల చర్మవైద్యులు కలిసి చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది, అంటే దాదాపు 15 శాతం, ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవారే.

అద్దం ముందు, పగటి వెలుతురులో, మీరే కొన్నింటిని గమనించవచ్చు. బుగ్గల మీద సన్నని ఎర్రటి దారాల్లాగా రక్తనాళాలు కనిపిస్తున్నాయా, ఇంతకు ముందు లేని మొటిమలు ఒకే పరిమాణంలో గుంపుగా వస్తున్నాయా, నోటి చుట్టూ, ముక్కు పక్కన చిన్న చిన్న ఎర్రని పొక్కులు ఉన్నాయా, బుగ్గల మీద, చెవుల ముందు నూగు పెరిగిందా, వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడినా, ఎండలో రెండు నిమిషాలు నడిచినా ముఖం మండుతోందా అన్నవి చూసుకోండి. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పాలి. చూపు మసకబారడం, దీపాల చుట్టూ వలయాలు కనిపించడం వంటివి ఉంటే కంటి డాక్టరును కూడా చూడాలి. కళ్ల దగ్గర స్టెరాయిడ్ దీర్ఘకాలం రాస్తే కంటి ఒత్తిడి పెరగడం, శుక్లాలు రావడం జరగవచ్చు.

హైడ్రోక్వినోన్‌కూ తనదైన ప్రమాదం ఉంది, అది ఇంకా నిదానంగా వస్తుంది. ఏళ్ల తరబడి వాడినవారిలో, తగ్గించాలనుకున్న చోటే నీలం కలిసిన నలుపు రంగు, ఆవగింజల్లాంటి గరుకు చుక్కలతో స్థిరపడిపోతుంది. ఓక్రోనోసిస్ అనే ఈ మార్పును దక్షిణాఫ్రికాలో ఇటువంటి క్రీములు వాడిన స్త్రీలలో గుర్తించి 1975లోనే వర్ణించారు. మచ్చ మళ్లీ నల్లబడుతోంది కనుక ఇంకొంచెం ఎక్కువ రాయాలి అనుకునేవారు ఈ ఊబిలోకే దిగుతారు. ఇది వచ్చాక తగ్గించడం చాలా కష్టం. మందు రాస్తుండగానే మచ్చ ముదురుతూ ఉంటే, ఆ రోజే ఆపి చూపించుకోవాలి.

ఇక ఆపే పద్ధతి. ఎంత కాలం వాడారు, చర్మం ఇప్పుడు ఎలా ఉంది అన్నదాన్ని బట్టి మేము రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటాం. కొందరికి బలమైన స్టెరాయిడ్ నుంచి హైడ్రోకార్టిసోన్ వంటి తేలికైన దానికి మార్చి, రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు, ఆ తర్వాత అసలు లేకుండా, కొన్ని వారాల్లో తగ్గిస్తూ వస్తాం. మరికొందరికి స్టెరాయిడ్ నేరుగా ఆపి, టాక్రోలిమస్ లేదా పిమెక్రోలిమస్ అనే, స్టెరాయిడ్ కాని లేపనాన్ని ఇస్తాం. మొటిమలు, పొక్కులు ఎక్కువగా ఉంటే నోటి ద్వారా డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ కొన్ని వారాలు అవసరపడవచ్చు. ఏది ఇవ్వాలన్నది ముఖం చూసి నిర్ణయించవలసిందే కనుక ఈ పేర్లు చూసి షాపులో కొనవద్దు. నిజానికి మీరు ఈ స్థితికి వచ్చింది కూడా అలా కొనడం వల్లే.

మొదటి రెండు మూడు వారాలు కష్టంగానే ఉంటాయని ముందే చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది ఆ వారాల్లోనే ఓడిపోయి మళ్లీ ట్యూబు తీస్తారు. ఎరుపు, మంట కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు ఉండవచ్చు, కానీ తగ్గుతాయి. ఆ సమయంలో ముఖానికి ఎంత తక్కువ చేస్తే అంత మంచిది: సువాసన లేని తేలికైన ఫేస్‌వాష్, రోజుకు మూడు నాలుగు సార్లు వాసన లేని మాయిశ్చరైజర్, మంట పుట్టినప్పుడు చల్లని నీటిలో తడిపి పిండిన మెత్తని నూలు గుడ్డ. నిమ్మరసం, శనగపిండి, పసుపు, కలబంద, ముల్తానీ మట్టి, ఎవరో చెప్పిన విటమిన్-సి సీరమ్, ఇవన్నీ పక్కన పెట్టండి. మంచి చర్మం మీద ఇవి ఏం చేస్తాయన్నది వేరే చర్చ. పలచబడిన చర్మం మీద మాత్రం మండిస్తాయి, ఆ మంట మచ్చను ఇంకా నల్లబరుస్తుంది. మంగు కూడా కొంత తిరిగి రావచ్చు. దాని సంగతి మొదట చర్మం కోలుకున్నాక చూసుకుందాం.

కొత్తగా ఈ మందు మొదలుపెట్టబోయేవారు కూడా ఇది చదువుతారు కనుక, సరిగ్గా వాడటం అంటే ఏమిటో కొంచెం విస్తరించి చెబుతాను. అన్నిటికంటే ముందు, ఆ నలుపు మంగే అని తేలాలి. ముఖం మీద నల్లబడేవన్నీ మంగు మచ్చలు కావు. కణతల దగ్గర, మెడ వెనక మందంగా, వెల్వెట్ బట్టలా నల్లబడితే అది ఎక్కువగా బరువు, ఇన్సులిన్ నిరోధకతలతో ముడిపడినది. అక్కడ కావలసింది చక్కెర పరీక్ష. తలకు వేసే రంగు, అతికించే బొట్టుబిళ్ల జిగురు, కొన్ని రకాల కుంకుమ, సెంటు పడకపోవడం వల్ల నుదురు, చెంపలు బూడిద రంగులోకి మారుతాయి. ఆ వస్తువు మానకుండా ఏ క్రీము రాసినా ఫలితం ఉండదు. శోభి మచ్చలకు, తామరకు ఈ క్రీము రాసినవారిని కూడా చూశాను. ఫంగస్ మీద స్టెరాయిడ్ పడితే దురద తగ్గినట్లు అనిపిస్తుంది, మచ్చ మాత్రం రూపం మార్చుకుని పాకుతుంది. మంగే అయినా అది పైపొరలో ఉందా, లోతుగా ఉందా అన్నది వుడ్స్ ల్యాంప్ వంటి పరికరంతో చూస్తాం; లోతుగా ఉన్నదానికి ఈ క్రీము మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు.

తర్వాతి మాట గడువు. ఈ క్రీము రాసిచ్చేటప్పుడే ఎన్ని వారాలో చీటీ మీద రాయించుకోండి. మామూలుగా అది 8 నుంచి 12 వారాలు, మధ్యలో నాలుగో వారం దగ్గర ఒకసారి చూపించుకోవడం. ఆపే తేదీ లేని చీటీని నేను సగం రాసిన చీటీగానే చూస్తాను. ఎంత రద్దీగా ఉన్న డాక్టరు అయినా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి అర నిమిషం పట్టదు, అడగడానికి మీరు మొహమాటపడవద్దు. ఆ తేదీని ట్యూబు పెట్టె మీద పెన్నుతో రాసి పెట్టుకోండి. నేను చూసే చెడు ఫలితాల్లో ఎక్కువ భాగం పాత చీటీని, లేదా ఖాళీ ట్యూబును, మళ్లీ మళ్లీ షాపుకు తీసుకువెళ్లడం వల్ల వచ్చినవే. కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల పైపూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అయినా వేళ్లతో చూపించి అడిగితే ఇచ్చే షాపులు ఎక్కడైనా ఉన్నాయి. షాపువాడు ఇచ్చాడంటే ప్రమాదం లేదని దానికి అర్థం కాదు.

రాసే విధానంలో ఎక్కువమంది పరిమాణం దగ్గరే తప్పుతారు. ట్యూబు నుంచి చూపుడువేలి చివరి కణుపు పొడవునా ఒక గీతగా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, అది రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. రెండు బుగ్గల మీది మచ్చలకు దానిలో సగం కూడా అక్కరలేదు. అంటే 15 గ్రాముల ట్యూబు రెండు నెలల దాకా రావాలి. అది పది రోజుల్లో అయిపోతోందంటే మీరు దాన్ని మాయిశ్చరైజర్‌లా ముఖమంతా పులుముతున్నారన్నమాట. రాత్రి పడుకునే ముందు ముఖం తేలికగా కడిగి, తుడిచి, ఇరవై నిమిషాలు బాగా ఆరనిచ్చి, మచ్చ మీద, మచ్చ అంచు వరకే, పలచగా రాయాలి. తడి చర్మం మీద ట్రెటినాయిన్ ఎక్కువ మండిస్తుంది. కనురెప్పలు, ముక్కు మూలలు, పెదవుల చివరలు వదిలేయాలి. చర్మం సున్నితమైనవారు మొదటి వారం రోజు విడిచి రోజు రాయడం, లేదా ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద క్రీము రాయడం మంచిది. మొదలుపెట్టే ముందు చెవి వెనక రెండు మూడు రాత్రులు రాసి చూసుకుంటే ఇంకా మంచిది.

కొంచెం పొట్టు రాలడం, లేత గులాబీ రంగు, కాస్త చురచుర, ఇవి ఊహించినవే. వాపు, నీటి పొక్కులు, ఆగని మంట, మచ్చ చుట్టూ తెల్లని వలయం ఇవి ఊహించినవి కావు, ఆపి చూపించుకోవాలి. ఈ మందు వాడుతున్నంత కాలం ముఖానికి బ్లీచ్, స్క్రబ్, ఫేషియల్, వ్యాక్సింగ్ వద్దు. పై పెదవి మీద వ్యాక్స్ చేస్తే ట్రెటినాయిన్‌తో పలచబడిన పొర దానితో పాటే లేచి వస్తుంది. మొటిమల కోసం బెంజాయిల్ పెరాక్సైడ్ రాసేవారు దాన్ని దీనితో కలిపి రాయకూడదు, హైడ్రోక్వినోన్‌తో అది కలిస్తే చర్మం మీద తాత్కాలికంగా ముదురు మరక పడుతుంది. హైడ్రోక్వినోన్ గాలికి, వేడికి పాడవుతుంది. క్రీము ముదురు గోధుమ రంగులోకి మారితే పారేయండి, స్కూటీ డిక్కీలోనో, కారు డ్యాష్‌బోర్డులోనో పెట్టి మరిచిపోయిన ట్యూబును మళ్లీ వాడవద్దు.

ఇక ఎండ. మంగు చికిత్సలో సగం పని ఇదే, కానీ మన ఊళ్ల నుంచి బెంగళూరు వచ్చినవారు దీన్ని తేలికగా తీసుకుంటారు. అనంతపురంలోనో, కర్నూలులోనో మే నెలలో గొడుగు లేకుండా బయటకు రాని మనిషి, ఇక్కడ చల్లగాలి వీస్తోంది కదా అని పదకొండు గంటలకు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ అరగంట నిలబడతారు. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఈ కిరణాల తీవ్రత సుమారు పదో వంతు పెరుగుతుంది. అంటే దాదాపు ఇదే అక్షాంశం మీద ఉన్న చెన్నైలో చెమటలు కక్కుతూ నిలబడిన మనిషి కంటే, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్న రోజున హాయిగా నిలబడిన మనిషి ముఖానికే ఆ కిరణాలు కొంచెం ఎక్కువ తగలవచ్చు. పలచని మబ్బు వాటిని పెద్దగా ఆపదు. కిటికీ అద్దం ఈ కిరణాల్లో చర్మాన్ని కమిలించే యూవీ-బీ రకాన్ని ఆపుతుంది కానీ యూవీ-ఏ రకాన్ని చాలావరకు లోపలికి రానిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో క్యాబ్ కిటికీ పక్కన గంటసేపు కూర్చున్నా, ఆఫీసులో అద్దాల గోడ పక్కన కూర్చున్నా లెక్కలోకి వస్తుంది.

కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, యూవీ-ఏ నుంచి కూడా రక్షణ ఇస్తుందని పీఏ గుర్తు పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉన్న సన్‌స్క్రీన్ తీసుకోండి. మన చామనఛాయ చర్మంలో మంగును కళ్లకు కనిపించే మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, దాన్ని తెల్లని సన్‌స్క్రీన్‌లు పెద్దగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమ రంగులో ఉండే టింటెడ్ రకం మంగు ఉన్నవారికి మేలైనది. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలంత పరిమాణం ముఖానికి, మెడకు కావాలి. బఠాణీ గింజంత తీసుకుంటే పెట్టె మీద రాసిన ఎస్‌పీఎఫ్ మీ ముఖానికి అందదు. బయట ఉంటే రెండు మూడు గంటలకొకసారి మళ్లీ రాయాలి. బండి మీద వెళ్లేవారు ముఖమంతా కప్పే హెల్మెట్, లోపల ముదురు రంగు దుపట్టా వాడితే ఏ క్రీముకూ రాని రక్షణ వస్తుంది. రాత్రి మందు రాస్తూ పగలు ఈ జాగ్రత్త లేకపోతే చిల్లు కుండలో నీళ్లు పోసినట్లే. ఈ పది నెలల్లో సన్‌స్క్రీన్ వాడారో లేదో మీరు ప్రస్తావించలేదు కనుక ఇంత వివరంగా చెప్పాను.

గడువు ముగిశాక ఏమిటి అన్నది అందరూ అడిగేదే, ఎందుకంటే మంగు తిరిగి వచ్చే స్వభావం ఉన్న జబ్బు. మూడు మందుల క్రీము ఆపాక మేము స్టెరాయిడ్ లేనివాటికి మారుతాం: 10 నుంచి 20 శాతం అజెలాయిక్ ఆమ్లం, కోజిక్ ఆమ్లం, నయాసినమైడ్, ట్రానెక్సామిక్ ఆమ్లం వంటివి. ఇవి నిదానంగా పనిచేస్తాయి, కానీ నెలల తరబడి వాడుకోవచ్చు. ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలుగా, సాధారణంగా 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కూడా ఇస్తారు. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని ప్రభావితం చేసే మందు కనుక, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారు వాడకూడదు. గర్భనిరోధక మాత్రలే మంగును పెంచే కారణాల్లో ఒకటి కూడా. మీరు వాడుతుంటే స్త్రీవైద్యురాలితో మాట్లాడి వేరే పద్ధతి గురించి ఆలోచించండి. అమ్మకో, అక్కకో మంగు ఉంటే మీకు మళ్లీ రావడానికి అవకాశం ఎక్కువ, అది మీ నిర్లక్ష్యం వల్ల అని బాధపడనవసరం లేదు.

చెల్లెలి విషయం. ఆమెకు మచ్చలు లేవు, రంగు తేలాలన్నదే కోరిక అని మీరు రాశారు. పుట్టుకతో వచ్చిన చర్మం రంగును శాశ్వతంగా మార్చే క్రీము ఏదీ లేదు. ఈ క్రీము ముఖమంతా రాస్తే మొదట్లో కనిపించే ఆ తెలుపులో కొంత భాగం స్టెరాయిడ్ రక్తనాళాలను ముడవడం వల్ల వచ్చేదే. ఇప్పుడు మొదలుపెట్టి నాలుగు నెలలు రాస్తే, సరిగ్గా పెళ్లి నాటికి మీకు ఇప్పుడున్న స్థితికి ఆమె చేరుకుంటుంది: తలంబ్రాల వేళ దీపాల వేడికి ఎర్రబడే ముఖం, ముఖానికి పొంతన లేని మెడ, చేతులు. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. హైడ్రోక్వినోన్‌లో గణనీయమైన భాగం చర్మం ద్వారా ఒంట్లోకి చేరుతుంది. గర్భిణులకు దాన్ని గానీ, ట్రెటినాయిన్‌ను గానీ మేము ఇవ్వం. పెళ్లయిన కొత్తలో గర్భం ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు, తెలిసేసరికి కొన్ని వారాలు గడిచిపోతాయి. అలాంటి సమయంలో మచ్చే లేని ముఖానికి ఈ మందు పూయడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించడం లేదు. ఆమె చేయగలిగింది చేయమనండి: నాలుగు నెలలు క్రమం తప్పకుండా సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్, మొటిమలు ఉంటే వాటికి ఇప్పుడే చికిత్స, పెళ్లికి ముందు రెండు వారాలు కొత్త ఫేషియల్ ప్రయోగాలేవీ లేకపోవడం. అబ్బాయిలూ ఈ విషయంలో వెనకబడి లేరు. పెళ్లిచూపులకు ముందు అక్క ట్యూబు వాడి గడ్డం కింద మొటిమలతో వచ్చేవారు నాకు కొత్త కాదు.

డాక్టరు క్రీము వద్దన్నారు కదా అని బ్యూటీ పార్లర్ డబ్బాలోకో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే పేరులేని నైట్ క్రీములోకో మారడం ఇంతకంటే ప్రమాదకరం. వాటిలో స్టెరాయిడ్ ఉన్నా లేబుల్ మీద ఉండదు. కొన్నింటిలో పాదరసం కూడా ఉంటుంది, అది కూడా మెలనిన్ తయారీని అడ్డుకుని త్వరగా తెల్లబరుస్తుంది కనుక కలుపుతారు. కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బుతో వచ్చిన రోగుల్లో పలువురు ఇటువంటి తెల్లబరిచే క్రీములు వాడినవారేనని అక్కడి వైద్యులు గుర్తించడంతో, 2023లో ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం దుకాణాల మీద దాడులు చేసింది. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, పదార్థాల జాబితా లేని డబ్బాను ఇంట్లోకి రానివ్వవద్దు. అలాంటిది ఇప్పటికే వాడుతూ ఉండి కాళ్లు వాచడం, మూత్రం నురగగా రావడం గమనిస్తే, చర్మం సంగతి తర్వాత, ముందు మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ముఖానికి మేకప్ లేకుండా వెళ్లండి. పాత చీటీ, ఇప్పటి ట్యూబు, దాని పెట్టె, ముఖానికీ తలకీ వాడే మిగతా వస్తువులన్నీ ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. పది నెలల్లో ఎన్ని ట్యూబులు అయ్యాయో దాచకుండా చెప్పండి. ఫోనులో మచ్చలు రాకముందువి, క్రీము మొదలుపెట్టినప్పటివి, ఇప్పటివి ఫొటోలు ఉంటే చూపించండి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమనుకుంటే శివాజీనగర్‌లోని బౌరింగ్ ఆసుపత్రిలో, కె.ఆర్. మార్కెట్ దగ్గరి విక్టోరియా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీలు ఉన్నాయి. కాస్త పొద్దున్నే వెళ్లాలి. భాష గురించి బెంగ అక్కరలేదు, బెంగళూరులో తెలుగు అర్థం చేసుకునే సిబ్బంది ఎక్కడో ఒకచోట ఎదురవుతారు. మందు వల్ల కలిగిన దుష్ప్రభావాన్ని దేశవ్యాప్త ఔషధ భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరులో మీరే నేరుగా తెలియజేయవచ్చు, డాక్టరు ద్వారా కూడా తెలియజేయవచ్చు. అపాయింట్‌మెంట్ దొరికే దాకా ఈ నాలుగైదు రోజులు క్రీమును రోజు విడిచి రోజు, మచ్చ మీద మాత్రమే, ఇప్పటి కంటే తక్కువగా రాయండి. మంట ఎక్కువైతే తడిగుడ్డ వేసుకోండి, ఇంకో ట్యూబు మాత్రం కొనకండి.